విశాఖలో కచేరీల సీజన్: సంగీత సభలు ఎలా నడుస్తాయి, కుటుంబంతో ఎలా వెళ్లొచ్చు

‘కచేరీ’ అనే మాట మనకు కొత్త కాదు. కలెక్టరు కచేరీ, తాలూకా కచేరీ అని పెద్దలు అనేవారు. హిందుస్తానీలోని ‘కచహరీ’ నుంచి వచ్చిన ఈ మాటకు అసలు అర్థం దర్బారు, సర్కారీ కార్యాలయం. తెలుగువాళ్లు దాన్నే తీసుకుని పాటగాళ్లు, వాయిద్యగాళ్లు కొలువుదీరే కూర్చోలుకూ వాడుకున్నారు. సన్నాయి కూడా అలాంటిదే. షెహనాయి, సన్నాయి ఒక కుదురు మాటలు. తబలా పేరు అరబీ ‘తబ్ల్’ నుంచి వచ్చింది. సితార్ పేరు ఫారసీది. అంటే సంగీత సభ గడప దగ్గరే మన ఇంటి మాటలు కనిపిస్తాయి. అయినా ‘అది మన చోటు కాదేమో’ అన్న సంకోచంతో చాలా ముస్లిం కుటుంబాలు ఆ గడప దాటవు.

విశాఖపట్నంలో చలికాలం వచ్చిందంటే సంగీతోత్సవాల బ్యానర్లు కడతారు. ఆ సభలు ఏమిటి, ఎవరు నడుపుతారు, ఒక సాయంత్రం కచేరీ ఎలా సాగుతుంది, అందులో మనవాళ్ల పాత్ర ఎంత అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

గదిలో వినే సంగీతం

యూరప్‌లో ‘ఛాంబర్ మ్యూజిక్’ అని ఒక పద్ధతి ఉంది. ఛాంబర్ అంటే గది. ఇద్దరి నుంచి ఎనిమిది తొమ్మిది మంది దాకా కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో వాద్యం పట్టుకుని, చిన్న హాల్లో దగ్గరగా ఉన్న శ్రోతల కోసం వాయిస్తారు. చేతికర్రతో నడిపించే కండక్టర్ ఉండడు. ఒకరి శ్వాస ఒకరు గమనిస్తూ సాగాలి. రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లోతో కూడిన క్వార్టెట్ దీనిలో బాగా పేరున్న రూపం.

మన కర్ణాటక కచేరీ స్వభావం కూడా ఇదే. పాడేవారు మధ్యలో, ఒక పక్క వయొలిన్, ఇంకో పక్క మృదంగం, వెనుక తంబురా. కావాలంటే ఘటం, కంజీర, మోర్సింగ్. నలుగురైదుగురితో పని అయిపోతుంది. హిందుస్తానీ మెహఫిల్ కూడా అంతే. గాయకుడు, తబలా, హార్మోనియం లేక సారంగీ, తాన్‌పురా. ఒక తేడా మాత్రం ఉంది. యూరప్ వాద్యకారుల ముందు రాసిన స్వరాల కాగితం ఉంటుంది. మన దగ్గర కృతి ముందే కట్టి ఉన్నా, దాని చుట్టూ అల్లే రాగం, స్వరకల్పన అక్కడికక్కడ పుడతాయి. అందుకే ఒకే విద్వాంసుడి ఒకే పాటను రెండుసార్లు విన్నా రెండూ ఒకేలా ఉండవు.

విశాఖకు ఈ సంగీతం ఎక్కడి నుంచి వచ్చింది

విశాఖ కచేరీల కథ విజయనగరం నుంచి మొదలుపెట్టాలి. రెండు ఊళ్లకూ మధ్య దాదాపు 60 కిలోమీటర్లు. 1919లో విజయనగరం మహారాజా అక్కడ సంగీత కళాశాల పెట్టించారు. మొదటి ప్రిన్సిపల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు (1864-1945). ఈ పండితుడికి ఫారసీ కూడా వచ్చు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను మూలం నుంచి సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి అనువదించారు. హరికథ చెప్పే నోటితోనే ఫారసీ కవిత్వం చదివిన మనిషి అన్నమాట.

అదే కళాశాలలో వయొలిన్ ఆచార్యుడిగా చేరినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు (1893-1964). పుట్టింది బెంగళూరులో, పెరిగింది విశాఖపట్నంలో. చూపు మందగించడంతో బడి చదువు ఆగిపోయింది. చేతిలోకి వచ్చిన వయొలిన్ ఆయన్ను నిలబెట్టింది. 1936లో కళాశాలకు ప్రిన్సిపల్ అయ్యారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1957లో పద్మశ్రీ వచ్చింది. పాటకు పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ను ముందుకు తెచ్చి, సోలో కచేరీలు చేసి మెప్పించిన తొలితరంలో ఆయనది పెద్ద పేరు. 1952లో మద్రాసులో జస్టిస్ పి.వి. రాజమన్నార్ ఇంట్లో ఆయన వాయిస్తుంటే ప్రపంచ ప్రసిద్ధ వయొలినిస్టు యెహుదీ మెనూహిన్ కూర్చుని విన్నారు. గది సంగీతం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు. ఘంటసాల, పి. సుశీల కూడా విజయనగరం కళాశాలలో చదువుకున్నవాళ్లే.

ఆ తర్వాత విశాఖ పెరిగింది. 1933లో హార్బరు తెరుచుకుంది. రైల్వే, నౌకాదళం ఉద్యోగాలు వచ్చాయి. 1971 జనవరిలో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 1992లో దాన్ని జాతికి అంకితం చేశారు. ఒడియా, బెంగాలీ, తమిళ, మలయాళీ, తెలుగు కుటుంబాలు ఒకే ఊళ్లో చేరాయి. ఆకాశవాణి విశాఖ కేంద్రం 1963లో మొదలై స్థానిక కళాకారులకు మైకు ఇచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సంగీత విభాగం ఉంది. ఇలా కళాశాల, రేడియో, నెల జీతం వచ్చే ఉద్యోగులు, ఈ మూడూ ఒకచోట కలిసిన ఊళ్లోనే సభలు నిలబడతాయి.

ఈ రోజు ఊళ్లో విశాఖ మ్యూజిక్ అకాడమీ, విశాఖపట్నం మ్యూజిక్ అండ్ డాన్స్ అకాడమీ వంటి సంస్థలు ఉన్నాయి. రెండో సంస్థకు పిఠాపురం కాలనీలో ‘కళాభారతి’ అనే సొంత ఆడిటోరియం ఉంది. మద్దిలపాలెం నుంచి దగ్గరే. సిరిపురం వైపు చిల్డ్రన్స్ ఎరీనా, గురజాడ కళాక్షేత్రం ఉన్నాయి.

సభ ఎలా నడుస్తుంది

సభ అంటే ప్రైవేటు కంపెనీ కాదు, సర్కారు శాఖా కాదు. సాధారణంగా సొసైటీగా రిజిస్టరైన సంఘం. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, కొందరు కమిటీ సభ్యులు ఉంటారు. ఎక్కువమంది రిటైరైనవాళ్లు లేక ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు సభకు ఇచ్చేవాళ్లు. మన మస్జిద్ కమిటీలు, మదర్సా కమిటీలు ఎలా నడుస్తాయో తెలిసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. చందా, రసీదు, ఏడాదికోసారి లెక్కలు, ‘ఈసారి ఎవరిని పిలుద్దాం’ అన్న వాదన, అన్నీ ఇక్కడా ఉంటాయి.

డబ్బు మూడు దారుల్లో వస్తుంది. ఒకటి సభ్యత్వ చందా. రెండోది దాతలు. అమ్మానాన్నల పేరు మీద కొంత మొత్తం బ్యాంకులో వేసి, ఆ వడ్డీతో ఏటా ఒక కచేరీ జరిపించమనేవాళ్లు ఉంటారు. దీన్ని ఎండోమెంట్ కచేరీ అంటారు. మన వక్ఫ్ ఆలోచనకు దగ్గరగా ఉంటుంది: అసలు కదలదు, ఫలం నలుగురికీ పోతుంది. మూడోది స్థానిక సంస్థల స్పాన్సర్‌షిప్. ఖర్చు వైపు చూస్తే కళాకారుల పారితోషికం, రైలు ఛార్జీలు, బస, హాలు అద్దె, మైకు, కరెంటు, కరపత్రాలు. ముఖ్య గాయకుడి వెనుక ఇద్దరు ముగ్గురు పక్కవాద్యాలవాళ్లు ఉంటారు. వాళ్లకూ న్యాయంగా ఇవ్వాలి.

చాలా సభలు టిక్కెట్టు పెట్టవు. ముందు వరుసలు సభ్యులకు, వెనుక ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఉచితం అనగానే తేలిగ్గా తీసుకుంటాం కానీ, ఆ కుర్చీ ఖర్చు ఎవరో ఒకరు కట్టినదే. కచేరీ ఉన్న రోజు హాలు సగం ఖాళీగా ఉంటే మరుసటి ఏడు దాత వెనకాడతాడు, కమిటీ కచేరీల సంఖ్య తగ్గిస్తుంది. కాబట్టి వచ్చి కూర్చోవడం కూడా ఒక రకం చందాయే.

సీజన్ ఎప్పుడు

దక్షిణాదిలో పెద్ద సీజన్ డిసెంబరు, జనవరి. మద్రాసులో 1927 డిసెంబరులో జరిగిన కాంగ్రెస్ మహాసభల సందర్భంగా ఒక సంగీత సదస్సు పెట్టారు. దాని నుంచి మరుసటి ఏడు మ్యూజిక్ అకాడమీ పుట్టింది. డిసెంబరు సీజన్‌కు అదే పునాది. తెలుగు ఊళ్ల సభలు కూడా చలికాలాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. విశాఖలో వేసవి ఉక్కపోతలో మూడు గంటలు హాల్లో కూర్చోవడం కష్టం. అక్టోబరు, నవంబరుల్లో తుపాను భయం ఉంటుంది. డిసెంబరు నాటికి గాలి చల్లబడుతుంది.

ఉత్సవం సాధారణంగా కొన్ని రోజుల పాటు వరుసగా సాగుతుంది. సాయంత్రం ముందు స్థానిక యువ కళాకారులకు చిన్న కచేరీ, తర్వాత బయటి నుంచి వచ్చిన విద్వాంసుల పెద్ద కచేరీ. ఇవి కాక పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనోత్సవాలు, దసరా, శ్రీరామనవమి రోజుల్లో కచేరీలు, ఏడాది పొడవునా నెలవారీ కార్యక్రమాలు ఉంటాయి.

నమాజు వేళల గురించి ఒక మాట. డిసెంబరు మధ్యలో విశాఖలో సూర్యుడు సాయంత్రం 5.25 ప్రాంతంలో అస్తమిస్తాడు. కచేరీ ఆరు, ఆరున్నరకు మొదలైతే మగ్రిబ్ చదువుకుని తీరిగ్గా వెళ్లొచ్చు. ఇషా మాత్రం కచేరీ నడిమధ్యలో పడుతుంది. తిరిగి వచ్చి చదువుకోవచ్చు, లేదంటే కృతికి, కృతికి మధ్య విరామంలో లేచి వెళ్లొచ్చు. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి 2030 నాటికి అది చలికాలం సీజన్‌లోకి వస్తుంది.

ఒక సాయంత్రం ఎలా సాగుతుంది

కచేరీ రెండున్నర, మూడు గంటలు ఉంటుంది. వరుస తెలిస్తే విసుగు రాదు.

మొదట వర్ణం. గొంతు, వేళ్లు వేడెక్కడానికి. తర్వాత ఒకటి రెండు చిన్న కృతులు. ఆ తర్వాత ఆలాపన. ఇందులో మాటలుండవు, తాళం ఉండదు. గాయకుడు రాగాన్ని నెమ్మదిగా విప్పుతాడు, వయొలిన్ దాన్ని తనదైన తీరులో తిరిగి చెబుతుంది. అప్పుడు ఆ రాగంలో కృతి, నెరవు, స్వరకల్పన. ముఖ్య కృతి చివర ‘తని ఆవర్తనం’ వస్తుంది. అంటే మృదంగం, ఘటం వాళ్లకు వదిలేసిన సమయం. చాలామంది టీ కోసం లేచేది ఇక్కడే, పిల్లలకు బాగా నచ్చేదీ ఇదే. దయచేసి లేవకండి. చివర్లో చిన్న చిన్న పాటలు, మంగళంతో ముగింపు.

తాళం పట్టుకోవడం పిల్లలకు ఆటలా నేర్పొచ్చు. ఆది తాళంలో ఎనిమిది లెక్కలు. అరచేత్తో తొడ మీద ఒక చరుపు, చిటికెన వేలు మొదలు మూడు వేళ్లు లెక్క. తర్వాత చరుపు, చెయ్యి తిప్పి విసురు. మళ్లీ చరుపు, విసురు. ఈ ఎనిమిదీ పట్టుబడితే కచేరీలో సగం ఆట అర్థమైనట్టే.

గజళ్లు, ఖవ్వాలీలు విన్న చెవులకు రాగాలు కూడా పరాయివి కావు. హిందుస్తానీలో యమన్ అనేది ఇక్కడి కల్యాణికి దగ్గర. మాల్కౌన్స్ ఇక్కడ హిందోళం. భూప్ ఇక్కడ మోహనం. మెహదీ హసన్ గజళ్లలో యమన్ మీద కట్టినవి ఉన్నాయి. అవి విన్న నానా, దాదీలు కల్యాణి ఆలాపన మొదలవగానే ‘ఇది ఎక్కడో విన్నామే’ అనుకుంటారు.

ఈ వేదిక మీద మనవాళ్లు

ఈ సంగీతంలో ముస్లిం విద్వాంసులు అతిథులు కారు. కోస్తా ఆంధ్రలో, ముఖ్యంగా గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో నాదస్వరం తరతరాలుగా వాయించిన కుటుంబాల్లో ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

షేక్ చిన మౌలానా (1924-1999) ప్రకాశం జిల్లా కరవదిలో అలాంటి ఇంట్లో పుట్టారు. తమిళనాడు వెళ్లి తంజావూరు బాణీ నేర్చుకున్నారు. శ్రీరంగంలో స్థిరపడి, నాదస్వర పాఠశాల పెట్టి శిష్యులను తయారుచేశారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. ద్వారం వారికి వచ్చిన బిరుదే ఇది. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. భార్యాభర్తలు కలిసి నాదస్వరం వాయించడం, అందులోనూ అంత ఊపిరి కావలసిన వాద్యాన్ని ఒక మహిళ పట్టి దేశమంతా పేరు తెచ్చుకోవడం చిన్న సంగతి కాదు. భద్రాచలం ఆలయంలో వాయించిన గోసవీడు షేక్ హసన్‌కు మరణానంతరం 2022లో పద్మశ్రీ ప్రకటించారు.

హిందుస్తానీ వైపు చూస్తే కిరానా ఘరానా ఉస్తాద్ అబ్దుల్ కరీం ఖాన్ దక్షిణాది సంగీతాన్ని శ్రద్ధగా విని, ఖరహరప్రియలోని ఒక త్యాగరాజ కృతిని రికార్డుకు పాడారు. 1937లో ఆయన కన్నుమూసింది కూడా మద్రాసు నుంచి పాండిచ్చేరి వెళ్లే దారిలోనే. ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ చివరి రోజులు హైదరాబాదులో గడిచాయి, 1968లో అక్కడే మరణించారు.

అయితే ఒక నిజం చెప్పుకోవాలి. నాదస్వరం గదికి తగ్గ వాద్యం కాదు. ఊరేగింపుకు, ఆలయ ప్రాంగణానికి, పెళ్లి పందిరికి పుట్టిన గొంతు దానిది. డోలు తోడైతే వీధంతా వినిపిస్తుంది. ఆ వాద్యకారుల రోజువారీ బతుకు పెళ్లిళ్ల మీద ఆధారపడింది. పెళ్లిళ్లలో బ్యాండు మేళం, డీజే వచ్చాక ఆ బేరాలు తగ్గాయి. ఇంట్లో పిల్లలు వేరే పనులకు వెళ్తున్నారు. అలాంటప్పుడు సంగీత సభ ఒక నాదస్వర కచేరీ పెడితే అది విద్వాంసుడికి పారితోషికం మాత్రమే కాదు. పెళ్లి పందిట్లో ఎవరూ అడగని ఆలాపనను కూర్చుని వినేవాళ్లు దొరికే ఒకే ఒక చోటు. ‘మా పిల్లవాడికి ఇది నేర్పాలా వద్దా’ అని ఆలోచించే తండ్రికి ఆ హాల్లో నిండిన కుర్చీలే జవాబు.

ఇంట్లో వచ్చే ప్రశ్నలు

సంగీతం వినడం సరైనదేనా? దీని మీద ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. కొన్ని ఇళ్లలో వాద్యం అసలు వినరు, కొన్ని ఇళ్లలో ఖవ్వాలీ లేని ఉర్సు ఉండదు. ఎవరి ఇంటి నిర్ణయం వారిది. వినని ఇంటిని వెనుకబడినదనడం తగదు, వినే ఇంటిని తప్పుపట్టడమూ తగదు.

కృతులన్నీ భక్తి పాటలే కదా? నిజమే, త్యాగరాజు, శ్యామశాస్త్రి, దీక్షితుల కృతుల్లో ఎక్కువ భాగం దేవతల మీదివే. వినడం ఒకటి, ఆరాధన ఒకటి. సభలో శ్రోత నుంచి మౌనం, శ్రద్ధ మాత్రమే కోరతారు. జ్యోతి వెలిగించేటప్పుడు, మంగళం పాడేటప్పుడు మర్యాదగా కూర్చుంటే చాలు. సాహిత్యం వద్దనుకునేవాళ్లు వయొలిన్, వీణ, వేణువు, నాదస్వరం వంటి వాద్య కచేరీలు ఎంచుకోవచ్చు.

ఆడవాళ్లు, పిల్లలతో వెళ్లొచ్చా? సభల్లో కుటుంబాలే ఎక్కువ. బురఖా, హిజాబ్‌తో వెళ్లినా కుర్చీ కుర్చీయే. వేదిక మీద కూడా మహిళలున్నారు. మృదంగ విద్వాంసురాలు నిడుమోలు సుమతికి 2021లో పద్మశ్రీ వచ్చింది.

వెళ్లే ముందు తెలుసుకోవలసినవి

కార్యక్రమ వివరాలు దినపత్రికల విశాఖ జిల్లా పేజీల్లో ‘నేడు నగరంలో’ తరహా శీర్షికల కింద వస్తాయి. హాలు బయట బోర్డు మీద కూడా రాస్తారు. ప్రవేశం ఉచితమా, పాసులా అన్నది అందులోనే ఉంటుంది.

మొదటిసారి వెళ్లేవాళ్లు మూడు గంటలూ కూర్చోవాలని లేదు. గంటసేపు వినండి. లేచేటప్పుడు పాట మధ్యలో కాక, పాట ముగిశాక లేవండి. చిన్నపిల్లలుంటే తలుపు దగ్గరి వరుసలో కూర్చుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఫోన్ సైలెంట్‌లో పెట్టాలి, రికార్డింగ్‌కు అనుమతి అడగాలి. గాజువాక, ఉక్కునగరం, కూర్మన్నపాలెం వైపు వెళ్లేవాళ్లు తిరుగు బస్సు ముందే చూసుకోవాలి. నగరం నడిబొడ్డు నుంచి అంత దూరం రాత్రి తొమ్మిదిన్నర తర్వాత పిల్లలతో ప్రయాణమంటే ఆలోచించుకోవాల్సిందే.

పిల్లలు నేర్చుకోవాలంటే విజయనగరం సంగీత కళాశాల ఇప్పటికీ ప్రభుత్వ కళాశాలగా నడుస్తోంది. గాత్రం, వయొలిన్, వీణ, మృదంగం, నాదస్వరం, డోలు వంటివి సర్టిఫికెట్, డిప్లొమా స్థాయిల్లో నేర్పుతారు. విశాఖలో ఇళ్ల దగ్గర నేర్పే గురువులను కచేరీలోనే పట్టుకోవచ్చు. కచేరీ అయ్యాక వయొలిన్ సర్దుకుంటున్న విద్వాంసుడి దగ్గరికి వెళ్లి ‘గురువుగారూ, మా అమ్మాయికి నేర్పేవాళ్లెవరైనా ఉన్నారా’ అని అడగండి. ఇలాంటి మాటామంతీలోనే గురువు దొరకొచ్చు.

విశాఖ ముస్లిం కుటుంబాలకు ఈ సీజన్‌లో ఒక చిన్న పని ఉంది. సభ కార్యక్రమ పత్రంలో నాదస్వర కచేరీ ఏ రోజున ఉందో చూడండి. లేకపోతే కార్యదర్శిని అడగండి, ‘వచ్చే ఏడు పెట్టండి, మేము వస్తాం’ అని చెప్పండి. కమిటీలు శ్రోతల మాట వింటాయి, ఎందుకంటే శ్రోతలే వాళ్ల ఆస్తి. పెట్టిన రోజున మాత్రం వెళ్లి కూర్చోవాలి.